నైలు ఒడ్డున మర్చిసన్ ఫాల్స్ పార్కు: తిరుపతి, చిత్తూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉగాండాలోని మర్చిసన్ ఫాల్స్ నేషనల్ పార్కు గురించి మన వైపు నుంచి అడిగేవాళ్ళు ఈమధ్య పెరిగారు. ఎవరు ఫోన్ చేసినా ఇంచుమించు అవే సందేహాలు. అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: అక్కడ కనీసం మూడు రాత్రులు ఉండండి, ఉన్న సమయంలో సగం నదికి ఇవ్వండి.

## పోవాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఇది ఎక్కడుంది? అక్కడ చూసేదేముంది?

ఉగాండా వాయవ్య మూలన, భూమధ్యరేఖకు కాస్త పైన ఉంది. విస్తీర్ణం దాదాపు 3,840 చదరపు కిలోమీటర్లు, ఆ దేశంలో ఇదే అతిపెద్ద నేషనల్ పార్కు. 1926లో గేమ్ రిజర్వ్‌గా మొదలై, 1952లో నేషనల్ పార్కు అయింది. విక్టోరియా సరస్సు నుంచి జింజా దగ్గర బయలుదేరిన నైలు నది క్యోగా సరస్సు దాటి, ఈ పార్కును రెండుగా చీలుస్తూ పడమరకు పోయి ఆల్బర్ట్ సరస్సులో కలుస్తుంది. నదికి దక్షిణాన అడవి ఎక్కువ, ఉత్తరాన కనుచూపు మేర గడ్డి మైదానం. ఏనుగులు, జిరాఫీలు, సింహాలు, అడవి దున్నలు, కోబ్ జింకలు ఎక్కువగా కనిపించేది ఉత్తరం వైపే. హిప్పోలు, మొసళ్ళు నదిలోనూ ఒడ్డునా ఉంటాయి. జలపాతానికి ఆ పేరు పెట్టింది 1864లో అక్కడికి చేరుకున్న శామ్యూల్ బేకర్.

తలకోన మన పక్కనే ఉంది కదా, జలపాతం కోసం అంత దూరం పోవాలా?

ఎత్తు కోసమైతే అక్కర్లేదు. మన తలకోన దాదాపు 270 అడుగులు, మర్చిసన్ సుమారు 140 అడుగులే. తేడా అంతా నీటి ఒత్తిడిలో ఉంది. అంత పెద్ద నైలు నది మొత్తం ఏడు మీటర్ల వెడల్పున్న రాతి సందులోకి దూరి కింద పడుతుంది. రెండు ఆటోలు ఒకదాని వెనక ఒకటి అడ్డంగా ఆపి చుట్టూ కాస్త చోటు వదిలితే ఆ సందు నిండిపోతుంది. సెకనుకు 300 ఘనమీటర్లు అనుకున్నా రోజుకు దాదాపు ఒక టీఎంసీ. మన కల్యాణి డ్యాం పూర్తి నిల్వ కూడా ఇంచుమించు అంతే. పైన కమ్మీ పట్టుకుని నిలబడితే కాళ్ళ కింద బండ అదురుతున్నట్టు తెలుస్తుంది, పక్కనున్న మనిషి మాట వినబడదు. 1962లో వచ్చిన వరదకు నది పక్కనే ఇంకో దారి చేసుకుంది. ఉగాండాకు స్వాతంత్ర్యం వచ్చింది కూడా ఆ ఏడే కాబట్టి ఆ రెండో జలపాతానికి ఉహురు అని పేరు. స్వాహిలీలో స్వేచ్ఛ అని అర్థం.

కెన్యాలోని మసాయి మారాకి పోవడం మంచిదా, దీనికి పోవడం మంచిదా?

చారల గుర్రాలు, చీతాలు, లక్షల జంతువుల వలస చూడాలనుకుంటే మారాకే వెళ్ళండి. మర్చిసన్‌లో చారల గుర్రాలు లేవు, చీతా కోసం వెతకడమూ దండగ. ఖడ్గమృగాలు 1980ల నాటికే వేటకు బలైపోయాయి. కంపాలా నుంచి వచ్చే దారిలో జివా అనే చోట ఖడ్గమృగాల సంరక్షణ కేంద్రం ఉంది, అక్కడ ఆగి చూడవచ్చు. పడవలో కూర్చుని గంటల తరబడి ఒడ్డు వెంట జంతువుల్ని చూసే అవకాశం మాత్రం మారాలో దొరకదు. నన్నడిగితే మర్చిసన్ అనే చెబుతాను.

రెండు రోజుల్లో చూసి రాలేమా?

చూసి రావచ్చు, ప్యాకేజీలు అట్లాగే అమ్ముతారు. కానీ వద్దు. తిరుపతి వాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు: పొద్దున దిగి, దర్శనం చేసుకుని, సాయంత్రం బండెక్కేవాళ్ళకు శేషాచలం ఎట్లుంటుందో తెలియకుండానే పోతుంది. ఇక్కడా అంతే. కంపాలా నుంచి పోయే రోజు, తిరిగొచ్చే రోజు ప్రయాణానికే పోతాయి. మధ్యలో ఒక్క రోజే మిగిలితే పొద్దున సఫారీ, మధ్యాహ్నం పడవ, సాయంత్రం జలపాతం అంటూ ఉరుకులు పరుగులే. మూడు రాత్రులుంటే ఉత్తరం వైపు పొద్దున సఫారీ ఒకటి నిదానంగా చేయచ్చు. జలపాతం వైపు పడవ ఒక రోజు, ఆల్బర్ట్ సరస్సు వైపు డెల్టా పడవ ఇంకో రోజు పెట్టుకోవచ్చు. డబ్బు తక్కువైతే లాడ్జి స్థాయి తగ్గించుకోండి, రోజులు మాత్రం తగ్గించకండి.

ఏ నెలలో పోతే మంచిది?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు. వాన తక్కువ, గడ్డి ఎండి పొట్టిగా ఉంటుంది, జంతువులు నీళ్ళకోసం నది దగ్గరికి వస్తాయి. జూన్, జులై కూడా పర్వాలేదు, పిల్లల సెలవుల వల్ల కుదిరేది చాలామందికి జూన్ మొదట్లోనే. ఏప్రిల్, మే వానలకు మట్టి దారులు బురదవుతాయి. ఎండ గురించి మాత్రం టెన్షన్ వద్దు, రేణిగుంట మే నెల ఎండ చూసినవాళ్ళకు అక్కడి మధ్యాహ్నం పెద్ద లెక్క కాదు.

ఖర్చు ఎక్కడ ఎక్కువవుతుంది?

విమానం టికెట్ తర్వాత అసలు బరువు బండి అద్దె మీదే. పైకప్పు తెరుచుకునే జీపు, డ్రైవరు, డీజిలు అన్నీ రోజు లెక్కన ఉంటాయి. ఇద్దరు పోయినా ఐదుగురు పోయినా ఇంచుమించు అదే మొత్తం కాబట్టి రెండు కుటుంబాలు కలిసి పోవడం తెలివైన పని. పార్కు ప్రవేశ రుసుం విదేశీయులకు ఇటీవలి రేట్ల ప్రకారం పెద్దలకు 45 డాలర్లు. అది 24 గంటలకు మాత్రమే. మధ్యాహ్నం మూడింటికి లోపలికి వెళ్తే మర్నాడు మూడింటి వరకు చెల్లుతుంది, కాబట్టి గేటు దాటే సమయం చూసుకుని ప్లాన్ చేసుకోండి. పడవకు వేరే టికెట్. ఇక్కడి ఏజెన్సీ ద్వారా ప్యాకేజీ కొంటే టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు, అది ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. రసీదు పారేయకండి.

## బయలుదేరక ముందు

వీసా ఎట్లా తీసుకోవాలి?

మనవాళ్ళకు వీసా తప్పనిసరి. ఆన్‌లైన్‌లో ఈ-వీసాకు దరఖాస్తు చేయాలి, టూరిస్టు వీసా 50 డాలర్లు. కెన్యా, రువాండా కూడా కలిపి తిరిగేవాళ్ళకు మూడు దేశాలకూ పనికొచ్చే ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా ఉంది, అది 100 డాలర్లు. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. గడువు దగ్గర పడి ఉంటే ముందు తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో రెన్యువల్ చేయించి, ఆ తర్వాతే వీసా పని మొదలుపెట్టండి.

ఎల్లో ఫీవర్ టీకా ఖచ్చితంగా వేయించుకోవాలా? ఎక్కడ వేస్తారు?

ఖచ్చితంగా వేయించుకోవాలి. అన్నిటికంటే ముందు చూసుకోవలసిన పని ఇదే. టీకా కార్డు లేకపోతే ఉగాండాలోకి రానివ్వరు. ఆ దేశంలో ఎల్లో ఫీవర్ ఉంది కాబట్టి కార్డు లేకుండా అక్కడి నుంచి ఇండియాకు తిరిగొచ్చినవాళ్ళను ఇక్కడ ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు.

ఏ ఆసుపత్రిలో పడితే ఆ ఆసుపత్రిలో ఇది వేయరు. కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయాలి, అక్కడిచ్చే పసుపుపచ్చ కార్డే చెల్లుతుంది. మనకు దగ్గరది చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), మన రాష్ట్రంలో విశాఖ పోర్ట్ హెల్త్ ఆఫీసు ఉన్నాయి. వారంలో ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్ళండి. కార్డు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు సరిగ్గా రాశారో లేదో అక్కడే నిలబడి చదువుకోండి. టీకా వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. 2016 నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధన మార్చింది, కాబట్టి పాత కార్డుంటే మళ్ళీ వేయించుకోనక్కర్లేదు.

తొమ్మిది నెలల లోపు పిల్లలకు, గుడ్డు అలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్ళకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకు ఈ టీకా వేయరు. గర్భిణులు, అరవై దాటినవాళ్ళు ముందు డాక్టరుతో మాట్లాడాలి. ఆ మాట తేలాకే టికెట్లు కొనండి.

మలేరియాకి మాత్రలు వేసుకోవాలా? మన దగ్గర కూడా దోమలున్నాయి కదా?

వేసుకోవాలి. ఉగాండాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం మలేరియా, మెదడుకు ఎక్కే రకం. మనకు అలవాటైన క్లోరోక్విన్ దానిమీద పనిచేయదు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే పోయే ముందు ఒకట్రెండు రోజుల నుంచి వచ్చాక ఏడు రోజుల వరకు, డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక నాలుగు వారాల వరకు వేసుకోవాలి. మీకు ఏది సరిపోతుందో డాక్టరు చెప్పాలి. ఇంటికొచ్చాం కదా అని మధ్యలో మానేయడమే చాలామంది చేసే పొరపాటు.

మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. తీసుకెళ్ళచ్చా?

తీసుకెళ్ళండి. సఫారీ జీపులో, పడవలో కూర్చునే చూస్తాం కాబట్టి నడక తక్కువ. పడవ దిగి జలపాతం పైకి ఎక్కే దారి మాత్రం ఆమెకు వద్దు, ముక్కాలు గంట నుంచి గంట పట్టే ఎక్కుడు అది. జలపాతం పైభాగానికి బండి వెళ్ళే రోడ్డు ఉంది, అక్కడి నుంచి కాస్త నడిస్తే చాలు. ఈ ఏర్పాటు ముందే డ్రైవరుతో మాట్లాడుకోండి. బీపీ, షుగరు మందులు ప్రయాణం రోజులకంటే వారం ఎక్కువే పెట్టుకోండి, పార్కు లోపల మందుల షాపు ఉండదు.

మేము శాకాహారులం. తిండికి ఏం చేయాలి?

పస్తులుండే పరిస్థితి రాదు. అన్నం, చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న పిండితో చేసే పోషో, ఉడికించిన పచ్చి అరటికాయ మటోకే అన్నిచోట్లా దొరుకుతాయి. చపాతీ అయితే అక్కడ రోడ్డు పక్క బండి మీద కూడా కాలుస్తారు, ఒకప్పుడు రైలు మార్గం పనికీ వ్యాపారానికీ వెళ్ళిన మనవాళ్ళతో పోయిన తిండి అది. ఎగ్ రోలెక్స్ అంటే చపాతీలో చుట్టిన ఆమ్లెట్, కాబట్టి గుడ్డు తిననివాళ్ళు అడిగి తీసుకోండి. కంపాలాలో ఇండియన్ హోటళ్ళు బోలెడు. లాడ్జిలో దిగిన వెంటనే వంటవాళ్ళకు మాంసం, చేప, గుడ్డు మూడూ వద్దని విడివిడిగా చెప్పండి. వెజిటేరియన్ అని ఊరుకుంటే చేప వడ్డించే అవకాశం ఉంది. కందిపొడి, చింతకాయ పచ్చడి పెట్టుకోండి, పచ్చడి డబ్బా మాత్రం చెక్-ఇన్ బ్యాగులోనే.

బట్టలు ఏ రంగువి తీసుకోవాలి?

ముదురు నీలం, నలుపు వద్దు. సెట్సీ ఈగలు ఆ రెండు రంగులకే ఎగబడతాయి. అక్కడ వాటిని పట్టడానికి వేలాడదీసే ఉచ్చులు కూడా నీలం, నలుపు గుడ్డలే. మన దోమల మందు వాటిమీద అంతగా పనిచేయదు, జీన్స్ మీదనుంచి కూడా కుడతాయి. ఖాకీ, లేత ఆకుపచ్చ, ఇసుక రంగు వదులు బట్టలు మేలు. పొద్దున జీపులో గాలి చల్లగా కొడుతుంది, ఒక స్వెట్టరు ఉంచుకోండి.

డబ్బు ఏ రూపంలో తీసుకెళ్ళాలి?

కొంత డాలర్లు, ఒక ఫారెక్స్ కార్డు. డాలరు నోట్లు కొత్తవి, మడత, గీత, చిరుగు లేనివి అడిగి తీసుకోండి, పాత నోట్లను అక్కడ తీసుకోరు లేదా రేటు తగ్గిస్తారు. టీలకు, టిప్పులకు ఉగాండా షిల్లింగులు కావాలి. పార్కు గేటు దగ్గర నగదు కాకుండా కార్డు, మొబైల్ మనీ అడుగుతారు.

## దారిలో

తిరుపతి నుంచి ఎట్లా పోవాలి?

తిరుపతి వాళ్ళకు చెన్నై విమానాశ్రయం సులువు, పలమనేరు, కుప్పం వాళ్ళకు బెంగళూరు. అక్కడి నుంచి మధ్యలో ఒకచోట విమానం మారి ఎంటెబ్బేలో దిగాలి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. దిగిన రాత్రి ఎంటెబ్బేలోనో కంపాలాలోనో పడుకుని పొద్దున్నే బయలుదేరండి. కంపాలా నుంచి పార్కుకు సుమారు 300 కిలోమీటర్లు, ఐదారు గంటలు పడుతుంది. చీకటి పడ్డాక హైవే మీద ప్రయాణం పెట్టుకోవద్దు.

దారిలో ఆగి చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా?

మసిండి మీదుగా పోతే బుడోంగో అడవి తగులుతుంది. మహాగని చెట్ల కింద గైడుతో నడిచి చింపాంజీలను చూడవచ్చు. దానికి ముందే బుక్ చేసుకోవాలి. ఒక రోజు అదనంగా ఉంటే కంపాలాకు తూర్పున ఉన్న జింజాకు వెళ్ళండి. 1948లో గాంధీజీ చితాభస్మంలో కొంత భాగాన్ని నైలులో కలిపింది అక్కడే, ఆయన విగ్రహం ఉంది.

బస ఉత్తరం ఒడ్డునా, దక్షిణం ఒడ్డునా?

ఒకప్పుడు పార్కు మధ్యలో నది దాటే పారా అనే చోట ఫెర్రీ కోసం ఎదురుచూడాల్సి వచ్చేది కాబట్టి అప్పట్లో ఈ ప్రశ్న చాలా ముఖ్యం. ఇప్పుడు వంతెన ఉంది, ఎక్కడున్నా ఇబ్బంది లేదు. తెల్లవారుజామునే సఫారీ మొదలుపెట్టాలంటే ఉత్తరం ఒడ్డున దిగడం మేలు.

## పార్కులో

పడవ ప్రయాణం ఎట్లుంటుంది? భయమేమైనా ఉందా?

పారా నుంచి జలపాతం వైపు, ప్రవాహానికి ఎదురుగా, రానూపోనూ దాదాపు మూడు గంటలు. పడవ నెమ్మదిగా ఒడ్డు వెంట పోతుంటే హిప్పోలు గుంపులుగా తల ఎత్తి, చెవులు విదిలించి, మళ్ళీ మునుగుతాయి. ఇసుక మీద మొసళ్ళు నోరు తెరుచుకుని పడి ఉంటాయి. అది కోపం కాదు, ఒళ్ళు చల్లబరచుకోవడం. నిట్టనిలువు మట్టి గట్టులో వందల రంధ్రాలు కనిపిస్తే పడవ ఆపమనండి, అవి తేనెటీగల్ని పట్టి తినే ఎర్రగొంతు పిట్టల గూళ్ళు. జలపాతం కనబడటానికి చాలా ముందే నీళ్ళమీద తెల్లటి నురగ ముద్దలు తేలుతూ ఎదురొస్తాయి. ఆ ముద్దలు పెద్దవవుతూ, దగ్గరదగ్గరగా వస్తున్నాయంటే జలపాతం సమీపిస్తున్నట్టు. ప్రవాహం వల్ల పడవ జలపాతం కిందిదాకా పోదు, కొంత దూరంలోనే ఆపేస్తారు. చెయ్యి నీళ్ళలో పెట్టకుండా, లైఫ్ జాకెట్ విప్పకుండా ఉంటే భయపడేదేమీ లేదు. పడవ వెళ్ళేటప్పుడు ఏ ఒడ్డు వెంట నడుపుతారో నడిపేవాళ్ళను ముందే అడిగి, ఆ వైపు సీటు చూసుకోండి.

డెల్టా పడవకు ఎందుకు పోవాలి?

షూబిల్ కొంగ కోసం. మనిషి నడుము దాటే ఎత్తు, చెక్కతో చేసినట్టుండే పెద్ద ముక్కు, గంటసేపైనా కదలకుండా నిలబడుతుంది. కనబడుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. పొద్దున్నే బయలుదేరి, పపైరస్ రెల్లు మధ్య ఓపికగా వెతకాలి. పక్షులంటే ఇష్టం లేనివాళ్ళను బలవంతంగా లాక్కెళ్ళకండి.

మన కుప్పం, పలమనేరు ఏనుగులకూ వాటికీ తేడా ఏంటి?

ఆఫ్రికా ఏనుగు పెద్దది, చెవులు భుజాల్ని కప్పేస్తాయి, ఆడ ఏనుగులకూ దంతాలు ఉంటాయి. గొడవలు మాత్రం ఒకటే. కౌండిన్య అభయారణ్యం అంచున మన రైతులు టమాటా, వరి కోసం రాత్రుళ్ళు కాపలా కాసినట్టే, మర్చిసన్ చుట్టుపక్కల ఊళ్ళలో మొక్కజొన్న, కర్రపెండలం కోసం కాస్తారు. అక్కడ విద్యుత్ కంచెలు వేస్తున్నారు. పార్కు ప్రవేశ రుసుంలో 20 శాతం చుట్టుపక్కల ఊళ్ళకు ఇవ్వాలని చట్టం ఉంది. మీరు గేటు దగ్గర కట్టే డబ్బులో ఆ భాగం ఉందని గుర్తుంచుకోండి, బేరమాడి దొంగదారిన పోయే ఆలోచన రాదు.

ఫోటోల్లో తాటిచెట్లు కనబడుతున్నాయి, నిజమేనా?

నిజమే. ఉత్తరం ఒడ్డు మైదానమంతా తాళ్ళు. మన తాటికి దగ్గరి చుట్టం, బొరాసస్ జాతిలోనే ఆఫ్రికా రకం. మధ్యలో బొడ్డు ఉబ్బినట్టుంటుంది. ఏనుగులు పండిన కాయలు మింగి, పోయిన చోటల్లా టెంకలు వదిలిపెడతాయి. చింతచెట్లు కూడా కనిపిస్తాయి, చింతకు పుట్టిల్లు ఆఫ్రికానే. తాటిచెట్ల నడుమ జిరాఫీల మంద నడిచిపోతుంటే మనవాళ్ళు కెమెరా దించరు. నాకైతే ఆ పార్కులో అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం అదే.

రాత్రి టెంటులో పడుకోవచ్చా? జంతువులు రావా?

వస్తాయి. హిప్పోలు పగలు నీళ్ళలో ఉండి, రాత్రి గడ్డి మేయడానికి గట్టెక్కుతాయి. టెంటు పక్కనే పరపరమని గడ్డి తెంపే శబ్దం వినిపిస్తే లోపలే ఉండండి, టార్చి కూడా వేయకండి. భోజనాల దగ్గరికి, బాత్రూముకు పోవాలంటే కాపలా మనిషిని పిలవండి. హిప్పోకూ నీళ్ళకూ మధ్యలో ఎప్పుడూ నిలబడకూడదు. టెంటులో తినే వస్తువులు ఉంచొద్దు, పగలు బబూన్లు ఎత్తుకుపోతాయి.

చిన్నపిల్లలతో పోవచ్చా?

ఐదారేళ్ళు దాటి, చెప్పిన మాట వినే పిల్లలైతే హాయిగా పోవచ్చు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో చిన్నారి ప్రాణం పోయాక పిల్లలకు సమయం ఆంక్షలు ఎందుకు పెట్టారో మనకు తెలుసు. ఆ జాగ్రత్త ఇక్కడ ప్రతి గంటా ఉండాలి. పిల్లలు ముందు పరుగెత్తకూడదు, వెనక మిగిలిపోకూడదు, బండి దిగమన్నచోటే దిగాలి. జలపాతం పైన తుంపర్లకు బండలు జారుతాయి, అక్కడ పిల్లల చెయ్యి వదలకండి.

ఫోను, కరెంటు సంగతి?

ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు చూపించి అక్కడి సిమ్ కొనండి. ఎయిర్‌టెల్ అక్కడా ఉంది కానీ మన సిమ్ రోమింగ్ లేకుండా పనిచేయదు. పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ప్లగ్గు మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ రకం, అడాప్టరు ఇక్కడే కొనుక్కోండి. డ్రోన్ అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

పార్కులో ఆయిల్ తీస్తున్నారంట, పాడైపోయిందా?

పాడైపోలేదు, కానీ పనులు జరుగుతున్నమాట నిజం. ఆల్బర్ట్ సరస్సు చుట్టుపక్కల చమురు ఉంది, టిలెంగా ప్రాజెక్టు బావుల్లో కొన్ని పార్కు హద్దుల్లోనే ఉన్నాయి. ఆ పనుల వల్లే లోపల తారు రోడ్లు, వంతెన వచ్చాయి. ప్రయాణం సులువైంది, అడవి నిశ్శబ్దం కొంత పోయింది. ఇది నాకు బాధ కలిగించే విషయం. చూడాలనుకుంటే వాయిదా వేయకండని చెప్పడానికి ఇదొక కారణం.

## తిరిగొచ్చాక

జ్ఞాపకంగా ఏమి కొనుక్కోవచ్చు?

కాఫీ గింజలు, వెనిల్లా, ఉత్తర ఉగాండాలో తీసే షియా వెన్న, నార బుట్టలు. ఏనుగు దంతం, తాబేటి చిప్ప, జంతువు చర్మం, పళ్ళు, ఈకలు ఎవరు ఎంత చౌకగా ఇచ్చినా ముట్టుకోకండి. అక్కడా ఇక్కడా రెండుచోట్లా నేరమే.

ఎయిర్‌పోర్టులో మళ్ళీ టీకా కార్డు అడుగుతారా?

అడుగుతారు. చెక్-ఇన్ బ్యాగులో వేయకుండా పాస్‌పోర్టుతోపాటు చేతిలోనే ఉంచుకోండి.

వచ్చిన కొన్నాళ్ళకు జ్వరం వస్తే?

మూడు నెలల లోపు ఏ జ్వరం వచ్చినా వైరల్ జ్వరంలే అని పారాసిటమాల్‌తో సరిపెట్టుకోకండి, మాత్రలు పూర్తిగా వాడినా సరే. అదే రోజు రుయా, స్విమ్స్, వెల్లూరు సీఎంసీ లాంటి పెద్దాసుపత్రికి పోయి, నోరు తెరవగానే ఉగాండా వెళ్ళొచ్చామని చెప్పండి. మలేరియా పరీక్ష చేయమని మీరే అడగండి. మొదటిసారి నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ చేయించండి.